ఇల్లు ముందు, కారు వెనక

అమెరికాలో ఇళ్లు రోడ్డు మీద పరుగెత్తుతాయంటే నమ్ముతారా? నమ్మాలి మరి. అక్కడ మోటార్‌హోమ్ అని ఒక బండి ఉంటుంది. పైకి చూస్తే మన ఆర్టీసీ బస్సులా ఉంటుంది గానీ, లోపలికెక్కితే ఇల్లే. మూడు పొయ్యిల గ్యాసు స్టవ్వు, ఫ్రిజ్జు, గిన్నెలు కడుక్కునే సింకు, స్నానాల గది, వెనకాల మంచం. డ్రైవరు సీటుని వెనక్కి తిప్పితే అదే హాల్లో కుర్చీ. ఉద్యోగాలు చేసి రిటైరైన భార్యాభర్తలు చాలామంది ఇలాంటిదొకటి కొనుక్కుని దేశమంతా తిరుగుతుంటారు. ఓమహాలో ఉండే మా అక్కా బావగారూ కూడా అలాంటిదే ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నారు. 33 అడుగుల పొడవు. 2023 జూన్‌లో మేమిద్దరం వెళ్లినప్పుడు అందులోనే సౌత్ డకోటా రాష్ట్రం చూపించారు.

ఇంతకీ మీకు చెప్పాలనుకున్నది ఆ ఇంటి గురించి కాదు, దాని వెనకాల తాడు కట్టిన దూడలా వచ్చే కారు గురించి. మోటార్‌హోమ్ వెనక ఒక ఇనప బద్దె ఉంటుంది, దానికి కారు ముందు భాగాన్ని తగిలిస్తారు. నాలుగు చక్రాలూ నేల మీదే తిరుగుతుంటాయి, లోపల మనిషుండడు. మన దగ్గర ట్రాఫిక్ వాళ్లు పట్టుకెళ్తేనో, చెడిపోతేనో తప్ప కారు ఇంకో బండి వెనక వేళ్లాడదు కదా! అక్కడ పెద్ద రోడ్డెక్కితే గంటకి పది కనిపిస్తాయి.

బస్సంత ఇల్లుండగా మళ్లీ కారెందుకని నేనూ అడిగాను. క్యాంపుగ్రౌండు అని ఊరి బయట చెట్ల మధ్య బళ్లు నిలుపుకునే చోట్లుంటాయి. అక్కడ బండి ఆపాక కింద జాకీలు దించి మట్టసంగా నిలబెట్టాలి. మట్టసంగా లేకపోతే గ్యాసు మీద నడిచే ఆ ఫ్రిజ్జు సరిగ్గా చల్లబడదు కూడా. తర్వాత కరెంటు తీగ తగిలించాలి, నీళ్ల పైపు బిగించాలి, మురికినీళ్ల గొట్టం పెట్టాలి, పక్కగోడని బయటికి జరిపి హాలు వెడల్పు చెయ్యాలి. ఇదంతా అయ్యాక పాలు నిండుకున్నాయనుకోండి, పాల డబ్బా కోసం ఇల్లంతా మళ్లీ మడతపెట్టుకుని బయల్దేరాలి. ఇక కొండదారులైతే మరీనూ. మేం వెళ్లిన చోట నీడిల్స్ ఐ అని ఒక సొరంగముంది, దాని వెడల్పు 8 అడుగులు, ఎత్తు 9 అడుగుల 9 అంగుళాలు. మోటార్‌హోమ్ ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల ఎత్తు. సూది బెజ్జంలో మోకు ఎక్కించినట్టే. అందుకని ఇల్లు ఒక చోట నిలిపేసి, తిరగడానికి కారు. రాత్రివేళ ఏదైనా అవసరం పడితే ఆదుకునేదీ ఆ కారే. ఇది గుర్తుంచుకోండి.

మొదటిరోజు ఓమహా నుంచి సూఫాల్స్ దాకా సుమారు 180 మైళ్లు. అక్కడ పడుకుని, మర్నాడు పొద్దున్న ఏడింటికే 90వ నంబరు హైవే మీద పడమటికి బయల్దేరాం. ఇటూ అటూ కనుచూపు మేర మొక్కజొన్న, పచ్చిక, ఆవులు. ఆ రోడ్డు మీద గంటకి 80 మైళ్ల దాకా పోవచ్చు. వెనకాల కారుంది కాబట్టి బావగారు 60 దాటలేదు.

మిచెల్ అనే ఊళ్లో కార్న్ ప్యాలెస్ అని ఒక భవనముంది. గోడల మీద బొమ్మలన్నీ మొక్కజొన్న కండెలతోనే! ఎర్రవి, పసుపువి, నల్లవి, తెల్లవి, అన్నీ సహజమైన రంగులే, సగానికి చీల్చి మేకులు కొట్టి అతికిస్తారు. 1892లో మొదటిసారి కట్టారట, ఇప్పుడున్నది 1921 నాటిది. బొమ్మలు మాత్రం మారుస్తూ ఉంటారు. నాకైతే బతుకమ్మ పేర్చే చేతులే గుర్తొచ్చాయి. పక్షులొచ్చి గింజలు తినేస్తుంటే ఎవరూ తోలడం లేదు.

అక్కణ్ణించి ఒక గంట పోతే మిసోరీ నది. ఛాంబర్లిన్ దగ్గర గట్టు మీద బళ్లు ఆపుకునే విశ్రాంతి స్థలంలో 50 అడుగుల స్టీలు స్త్రీమూర్తి ఉంది. పేరు డిగ్నిటీ. 2016లో పెట్టారు. అక్కడి ఆదివాసీ స్త్రీ, భుజాల వెనక నక్షత్రాల బొంత విప్పి పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ బొంతలో నీలం రంగు ముక్కలు గాలికి కదులుతూ మెరుస్తుంటాయి. పాత చీరలతో బొంతలు కుట్టిన వాళ్లం కదా మనం, ఆ విగ్రహాన్ని చూస్తే చప్పున కాలు కదలదు. పొద్దున్న కట్టుకొచ్చిన పులిహోర, దద్దోజనం అక్కడే తిన్నాం.

నది దాటి ఇంకా పడమటికి పోతే గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి. ఒకే రాష్ట్రంలో రెండు టైములు!

దారంతా చెక్క బోర్డులు కనిపిస్తుంటాయి, వాల్ డ్రగ్ అనే దుకాణానికి. దాని కథ మనలాంటివాళ్లు వినాలి. 1931లో టెడ్ హస్టెడ్ అనే ఆయన వాల్ అనే చిన్న ఊళ్లో మందుల షాపు కొన్నాడు. కరువు రోజులు, బేరాల్లేవు. అయిదేళ్లు చూద్దామనుకున్నారు. 1936 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన భార్య డొరొతీ పిల్లల్ని పడుకోబెట్టి తనూ కాస్త నడుం వాల్చబోతే, రోడ్డు మీద కార్ల చప్పుడుకి నిద్ర పట్టలేదు. ఇన్ని కార్లు పోతున్నాయి, ఎండన పడి వచ్చేవాళ్లకి ఏం కావాలి, చల్లటి నీళ్లు కావాలి, అనుకుంది. లేచొచ్చి మొగుడికి చెప్పింది, ఐసు నీళ్లు ఉచితం అని రోడ్డు పక్క బోర్డులు పెట్టమని. ఆయన పాతి వచ్చేసరికే జనం వచ్చి ఉన్నారట. ఇప్పుడది ఒక వీధంత దుకాణం. ఐసు నీళ్లు ఇప్పటికీ ఉచితమే. మన చలివేంద్రమే కదూ! కాకపోతే మనవాళ్లు పుణ్యానికి పెడతారు, ఆవిడ పుణ్యంతో పాటు వ్యాపారమూ చేసింది. పగలు కునుకు తీసే ఆడవాళ్లని ఎవరైనా ఏమైనా అంటే ఈ కథ చెప్పండి.

కస్టర్ స్టేట్ పార్కు చేరేసరికి అక్కడి టైము ప్రకారం సాయంత్రం ఆరైంది. మాకిచ్చిన చోటు పొడవుగా ఉంది, అందుకని కారు విప్పకుండానే రెండూ కలిపి నిలిపేశారు. అందరూ అలిసిపోయారు, విప్పడం పొద్దున్న చూసుకుందామన్నారు బావగారు. అక్క పప్పులో పోపు పెడితే పొగకి అలారం కుయ్యిమని అరిచింది. అది రోజూ ఉండేదే, ఒకరు తువ్వాలు పట్టుకుని దాని కింద విసురుతూ నిలబడాలి.

అక్క మనవడు ఏడేళ్లవాడు మాతోనే ఉన్నాడు. ఎనిమిదింటప్పుడు వాడు బయటినుంచి పరుగెత్తుకొచ్చి, ఆ మడత మెట్ల మీద కాలు జారి పడ్డాడు. ఇనప అంచు గడ్డం కింద తగిలి చీరుకుపోయింది. రక్తం ఆగలేదు. తువ్వాలు అదిమి పట్టుకుంటే తువ్వాలు తడిసిపోతోంది. సెల్‌ఫోనుల్లో ఒక్కదానిలోనూ సిగ్నలు లేదు. ఆసుపత్రి పదిహేను మైళ్ల దూరాన కస్టర్ ఊళ్లో ఉంది. మావారూ బావగారూ పరుగున వెళ్లి ఇనప బద్దె విప్పి కారు విడదీశారు. బావగారు కూర్చుని తాళం చెవి తిప్పితే, టక్ టక్ టక్ మని చప్పుడు. అంతే. మళ్లీ తిప్పారు. ఆ టక్‌టక్ కూడా లేదు. లోపల లైటు మిణుకుమిణుకుమంటోంది. అక్క వైపు చూడలేకపోయాను.

మా పక్క చోట్లో ఇంకో మోటార్‌హోమ్ ఉంది. అందులో ఒక్కర్తే ఉంటోంది ఒక పెద్దావిడ, డెబ్భై పైనే ఉంటాయి. పూర్వం స్కూలు బస్సు నడిపేదట, భర్త పోయాక ఇల్లు అమ్మేసి ఏడాది పొడుగునా బండిలోనే ఉంటోంది. మా హడావిడి చూసి ఏం జరిగిందని కూడా అడగలేదు. తన కారు తెచ్చి మా కారు ముక్కుకి ముక్కు ఆనేలా ఆపింది, డిక్కీలోంచి ఎర్రా నల్లా కేబుళ్లు తీసి తగిలించింది, తన ఇంజను రెండు మూడు నిమిషాలు నడవనిచ్చి, ఇప్పుడు తిప్పమంది. స్టార్టయింది. బయల్దేరేటప్పుడు బావగారి కిటికీ దగ్గరకొచ్చి ఒక్కటే మాట చెప్పింది, మళ్లీ ఇక్కడికి వచ్చేదాకా ఇంజను ఆపొద్దని.

ఆ మాట ఎంత విలువైందో మూడు మైళ్లు పోగానే తెలిసింది. ఆ పార్కులో వెయ్యికి పైగా అడవిదున్నలుంటాయి, బైసన్ అంటారు. వాటికి రోడ్డూ గడ్డీ ఒకటే. మలుపు తిరిగేసరికి ఇరవై దున్నలు రోడ్డుకడ్డంగా నిలబడి ఉన్నాయి, కూనలతో సహా. హారన్ కొట్టకూడదు, దిగకూడదు, అవి ఎప్పుడు కదిలితే అప్పుడే. పది నిమిషాలు ఉన్నామేమో, నాకు పది గంటలు. వెనక సీట్లో అక్క ఒళ్లో పిల్లవాడు, నేను వాడి గడ్డం కింద గుడ్డ అదిమి పట్టుకుని ఇంజను చప్పుడే వింటూ కూర్చున్నాను. వాడే నెమ్మదిగా, "చిన్నమ్మమ్మా, అది బేబీ బైసనా?" అన్నాడు. అప్పుడు అక్కకి ఏడుపొచ్చింది.

అయిదు కుట్లు పడ్డాయి. ఎముకకేం కాలేదన్నారు. లోపల డాక్టరు కుట్లు వేస్తున్నంతసేపూ బావగారు ఆసుపత్రి బయట కారులో ఇంజను నడుపుతూ కూర్చున్నారు, మనవడి చెయ్యి పట్టుకోవలసిన మనిషి.

మర్నాడు పొద్దున్న అక్క రవ్వలడ్లు డబ్బాలో పెట్టి తీసుకెళ్లింది. ఆవిడ ఒక లడ్డు నోట్లో వేసుకుని, ఇంకోటి చేత్తో పట్టుకుని, మీటరు తీసుకొచ్చి మా కారు బానెట్టు ఎత్తింది. ఆవిడ చెప్పిందీ, తర్వాత బావగారు విడమరిచి చెప్పిందీ కలిపి మీకు చెబుతాను. నేను చదివింది ఇంటర్మీడియెట్ వరకే, నాకే అర్థమైందంటే మీకు కష్టం కాదు.

బ్యాటరీ అంటే మేడ మీద నీళ్ల ట్యాంకే అనుకోండి. కారు ఇంజను నడుస్తున్నంతసేపూ దానికున్న ఆల్టర్నేటరు అనే యంత్రం ట్యాంకు నింపుతుంటుంది. ఇక్కడేమో కారు లాగబడుతోంది గానీ ఇంజను నడవడం లేదు. నింపే మోటారు ఆగిపోయింది, కుళాయిలు మాత్రం తెరిచే ఉన్నాయి. ఏమిటా కుళాయిలు? చాలా కార్లలో తాళం చెవి తీసేస్తే స్టీరింగు బిగుసుకుపోతుంది, అలా బిగిస్తే వెనకాల కారు మలుపుల్లో తిరగదు. అందుకని తాళం చెవిని ఒక మెట్టు తిప్పి ఉంచాలి. ఒక మెట్టు తిప్పితే రేడియో దగ్గర్నుంచి కొన్ని వస్తువులు మేలుకుని కొద్దికొద్దిగా కరెంటు తాగుతుంటాయి. దీనికి తోడు డ్రైవరు కాళ్ల దగ్గర ఒక పెట్టె పెడతారు. ముందు బండి బ్రేకు వేసినప్పుడు అది కారు బ్రేకు పెడలుని తొక్కుతుంది. దానికీ ఈ బ్యాటరీయే గతి.

అన్నీ కలిపి గంటకి మూడు యాంపియర్లే అనుకుందాం. కారు బ్యాటరీలో సుమారు 50 గంటల యాంపియర్లుంటాయి. సూఫాల్స్ నుంచి మేం ఆగుతూ సాగుతూ పన్నెండు గంటలు వచ్చాం, వచ్చాక రెండు గంటలు తాళం అలాగే ఉంది. పద్నాలుగు మూళ్లు 42. మిగిలింది ఎనిమిది. స్టార్టరు తిరగాలంటే ఆ క్షణంలో నూటయాభై, రెండువందల యాంపియర్లు లాగుతుంది. అడుగున మిగిలిన బురదనీళ్లతో షవరు పనిచెయ్యమంటే చేస్తుందా?

"మరి ముందు బండికీ కారుకీ మధ్య అంత లావు కేబులుంది కదా, అదేం చేస్తోంది?" అని మావారడిగారు. మంచి ప్రశ్నే. ఆ కేబులులో పనిచేస్తున్నవి నాలుగు తీగలే. కుడి సిగ్నలు, ఎడమ సిగ్నలు, వెనక లైట్లు, ఎర్తు. బ్రేకు లైటు సిగ్నలు తీగల్లోనే వస్తుంది. అంటే కారు వెనక దీపాలు వెలిగేది ముందు బండి కరెంటుతోనే, బ్యాటరీకి మాత్రం ఒక్క చుక్క రాదు. ఆ కేబులు బిగించిన షాపువాళ్లు ఛార్జింగు తీగ వెయ్యలేదు, వెయ్యాలా అని అడగనూ లేదట.

మీటరు పెడితే 12.1 చూపించింది. అదీ రాత్రి గంటపైన ఇంజను నడిచాక! ఈ లెక్క మీరూ రాసి పెట్టుకోండి. ఏ కారుకైనా పనికొస్తుంది. ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులుంటుంది. 12.2కి వస్తే సగం ఖాళీ. 12 కిందికి దిగితే దాదాపు అయిపోయినట్టే. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఛార్జింగు బాగున్నట్టు. మాటిమాటికీ అడుగంటా వాడితే బ్యాటరీ ఆయుష్షు కూడా తగ్గిపోతుంది. మన ఇన్వర్టరు బ్యాటరీలు వేసవి కోతల్లో ఎందుకు పోతాయో తెలిసింది కదా.

తర్వాత ఆవిడ మోటార్‌హోమ్ వెనకున్న సాకెట్టు చూసింది. అందులో ఏడు పిన్నులున్నాయి. బావగారిచేత ఇంజను స్టార్టు చేయించి ఒక్కో పిన్నూ మీటరుతో తాకింది. ఒకదాని దగ్గర 13.9 వచ్చింది. ఇంజను ఆపితే ఆ పిన్నులో కరెంటు పోయింది. ఆవిడ మొహం చూడాలి, పోయిన ఉంగరం దొరికినట్టు! ముందు బండి ఇస్తానంటోంది, కేబులూ తీసుకొస్తోంది, కారు ముక్కు దగ్గరికొచ్చి ఆగిపోతోందంతే. అక్కణ్ణించి బ్యాటరీ దాకా ఒక తీగ వేస్తే సరి. కొన్ని బళ్లలో ఇంజను ఆపినా ఆ పిన్నులో కరెంటు ఉంటుందట. అలాంటప్పుడు రాత్రంతా కేబులు తగిలించి ఉంచితే కారు వెళ్లి ముందు బండి బ్యాటరీని కూడా తాగేస్తుంది. అందుకే చూసుకోవాలి.

కస్టర్ ఊళ్లో కార్ల సామాన్ల షాపుకెళ్లి పది అడుగుల లావు తీగ, 15 యాంపియర్ల ఫ్యూజు కొన్నారు. తీగ లావుగానే ఉండాలి. సన్నటి గొట్టంలో నీళ్లు దూరం పోయేసరికి ధార తగ్గినట్టు, సన్న తీగలో దూరం పోయేసరికి వోల్టులు తగ్గుతాయి. 12.6 ఉండాల్సిన బ్యాటరీని నింపాలంటే వచ్చేది 13 పైన ఉండాలి కదా. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. ఆ తీగ ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకి తగిలితే నిప్పంటుకోకుండా కాపాడేది అదే. దీన్నే ఇంకా నాజూగ్గా చేసే చిన్న ఛార్జరు పెట్టెలు కూడా అమ్ముతారు. ఖాళీ బ్యాటరీ ఒక్కసారిగా లాగి ఫ్యూజు పేల్చకుండా కొంచెం కొంచెంగా ఇస్తాయవి. పెద్దావిడ కారు కింద పడుకుని తీగ లాగింది, బావగారు టార్చి పట్టుకున్నారు, మావారు సలహాలిచ్చారు. అన్నీ అయ్యాక ఇంజను నడిపి కారు బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 13.5. అక్క చప్పట్లు కొట్టింది.

తీగ వెయ్యడం కుదరనివాళ్లు ఏం చేస్తారని అడిగాను. కొంతమంది దారిలో ఆగినప్పుడల్లా కారు ఇంజను పావుగంట నడుపుతారు. కొన్ని కార్ల పుస్తకాల్లో లాగేటప్పుడు ఏ ఫ్యూజు తీసెయ్యాలో రాసే ఉంటుంది, అది తీస్తే కరెంటు తాగేవి నిద్రపోతాయి. ఇంకొందరు బ్యాటరీ మైనస్ తీగ విప్పేస్తారు. అయితే కొత్త కార్లలో స్టీరింగూ హ్యాండు బ్రేకూ కూడా కరెంటు మీదే ఆధారపడుతున్నాయి కాబట్టి పుస్తకం చూడకుండా విప్పకూడదు. అద్దం వెనక పెట్టే చిన్న సోలారు పలకలు కూడా ఉన్నాయి. పది వాట్ల పలక నిండు ఎండలో కూడా ఒక యాంపియరు ఇవ్వదు, మూడు ఖర్చవుతుంటే అదేం సరిపోతుంది? నెలల తరబడి ఊరికే నిలిపి ఉంచే కారుకైతే మంచిదే. నన్నడిగితే తీగే మేలు. మిగతావన్నీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చెయ్యాల్సినవి, ప్రయాణంలో అలిసిపోయినవాళ్లకి గుర్తుండవు.

అన్నట్టు, అన్ని కార్లనీ ఇలా నాలుగు చక్రాల మీద లాగకూడదు. ఆటోమేటిక్ గేరు కార్లు చాలావాటిలో ఇంజను నడిస్తేనే గేరుపెట్టెలో నూనె తిరుగుతుంది. ఇంజను ఆపి వందల మైళ్లు లాగితే గేర్లు అరిగి కాలిపోతాయి. హోండా సీఆర్‌వీనే తీసుకోండి, అమెరికాలో 2014 దాకా వచ్చిన వాటిని లాగవచ్చు, 2015లో గేరుపెట్టె మార్చాక లాగకూడదు. జీపు రాంగ్లరుని ఎక్కువమంది తగిలించుకుంటారు. మీ పిల్లలెవరైనా అక్కడ ఇలాంటి సరదా పెట్టుకుంటే ముందు కారు పుస్తకం చదవమనండి.

ఇంకొకటి, ఆ కేబుళ్లు తగిలించే వరస. మన ఊళ్లో చలికాలం పొద్దున్న ఇంటి కారు మొరాయించినా ఇదే పద్ధతి. ముందు ఎర్ర కేబులు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, దాని రెండో కొస బాగున్న బ్యాటరీ ప్లస్‌కి. తర్వాత నల్లది బాగున్న బ్యాటరీ మైనస్‌కి. చివరి కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి తగిలించకూడదు, ఆ కారు ఇంజను మీద రంగు లేని ఇనప భాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. ఆఖరుగా తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ దగ్గర మండే వాయువు ఉంటుంది, రవ్వ పడితే పేలవచ్చు. తీసేటప్పుడు తిరగేసిన వరస. చేతి గాజులూ, మెళ్లో గొలుసూ జాగ్రత్త.

ఆ తర్వాత నాలుగు రోజులూ కారులోనే తిరిగాం. నీడిల్స్ దారి 14 మైళ్లు, సూదుల్లా నిలబడ్డ రాళ్ల మధ్యనుంచి. సొరంగంలో దూరేటప్పుడు అద్దాలు లోపలికి మడుచుకున్నాం. ఐరన్ మౌంటెన్ దారిలో చెక్క వంతెనలు జడ చుట్టినట్టు ఒకదాని మీదుగా ఒకటి తిరుగుతాయి. సొరంగం లోంచి చూస్తే ఎదురుగా ఫ్రేము కట్టినట్టు రష్‌మోర్ కొండ కనిపిస్తుంది. కొండ మీద నలుగురు ప్రెసిడెంట్ల మొహాలు, ఒక్కోటి 60 అడుగులు, 1927 నుంచి 1941 దాకా చెక్కారు. గొప్ప పనే. కానీ ఆ నల్ల కొండలు లకోటా ఆదివాసీలకి పవిత్రమైనవి. 1868లో ఒప్పందం రాసిచ్చి, బంగారం బయటపడ్డాక 1877లో లాగేసుకున్నారు. 1980లో సుప్రీంకోర్టు డబ్బు కట్టమంటే, డబ్బొద్దు, కొండలే కావాలన్నారు వాళ్లు. ఇప్పటికీ ఆ డబ్బు ముట్టలేదు. అది తెలిశాక ఆ మొహాల్ని చూస్తే ముందున్న ఆశ్చర్యం ఉండదు.

దగ్గర్లోనే క్రేజీ హార్స్ అనే లకోటా వీరుడి శిల్పం ఇంకో కొండ మీద చెక్కుతున్నారు, 1948 నుంచీ. మొదలుపెట్టిన జొల్కౌస్కీ 1982లో పోతే ఆయన భార్య రూత్, పదిమంది పిల్లల తల్లి, పని ఆపలేదు. 1998లో మొహం పూర్తి చేయించింది. 2014లో ఆవిడా పోయింది. పని ఇంకా సాగుతోంది. నాకు రష్‌మోర్ కన్నా ఇదే నచ్చింది.

వచ్చేటప్పుడు పెద్దావిడకి అక్క ఆవకాయ సీసా ఇచ్చింది. ఆవిడ మీటరు మాకిచ్చేసింది, తన దగ్గర ఇంకోటి ఉందిట. ఛాంబర్లిన్‌లో ఆగినప్పుడు బావగారి కన్నా ముందు మనవడే దిగి, గడ్డానికి ప్లాస్టరుతోనే బానెట్టు ఎత్తమని గొడవ. 12.7 ఉంది.

మీరెవరైనా వెళ్తే జూన్ నుంచి సెప్టెంబరు లోపల పెట్టుకోండి. చలికాలంలో మంచుకి నీడిల్స్ దారి మూసేస్తారు. సెప్టెంబరు చివర్లో దున్నలన్నిటినీ గుర్రాల మీద తోలుకొచ్చే పండగ చూడ్డానికి జనం బాగా వస్తారు, క్యాంపు చోటు నెలల ముందే చెప్పి ఉంచుకోవాలి. దున్నల దగ్గరికి ఫొటోల కోసం వెళ్లొద్దు, అవి మనకన్నా వేగంగా పరుగెత్తుతాయి. పోపు పెట్టేటప్పుడు మాత్రం పైన కిటికీ తెరిచి ఫ్యాను వేసుకోండి.